రాలేనివారి కన్ను

నన్ను పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే ఇప్పటికి రెండుసార్లు అతికించారు. నేను నికాన్ డి90 కెమెరాను. మా మోడల్ బజారుకొచ్చింది 2008లో. వీడియో కూడా తీయగల డిజిటల్ ఎస్ఎల్ఆర్ కెమెరాల్లో మేమే మొదటివాళ్లం. అయితే ఆ గొప్పతో నాకు పెద్దగా పని పడలేదు. రాజమండ్రిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుల సంఘం నన్ను కొని, సభ్యులకు పోస్టులో పంపే తమ మాసపత్రికకు ఫొటోలు తీసే పని అప్పగించింది. నన్ను చేతపట్టింది ఫిజిక్సు చెప్పి రిటైరైన టీచరుగారు.

మొదటి వార్షికోత్సవం నాకింకా గుర్తే. జ్యోతి వెలిగించారు, తీశాం. శాలువాలు కప్పారు, తీశాం. జ్ఞాపికలు ఇచ్చారు, తీశాం. ఆ పూటంతా నేను వేదిక తప్ప మరో దిక్కు చూడలేదు. పత్రికలో నాలుగు ఫొటోలు పడ్డాయి. నాలుగింట్లోనూ అవే ముఖాలు, వెనక అదే ఫ్లెక్సీ.

పత్రిక అందిన వారంలోనే ఒక పెద్దాయన ఫోన్ చేశారు. తుంటి ఎముక విరిగి మంచం మీద ఉన్నారాయన. "వేదిక మీదివాళ్లను చూశానమ్మా. మనవాళ్లెవరూ కనబళ్లేదేం? ఎవరెవరొచ్చారు?" అని అడిగారు. టీచరుగారు ఒక్కో పేరే చెప్పుకుంటూ పోయారు. అందులో ఒక్కరి ముఖమూ నా కార్డులో లేదు. ఫోన్ పెట్టేశాక ఆవిడ నన్ను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారు. "వచ్చినవాళ్లకు సభ గుర్తుంటుంది. మనం తీయాల్సింది రాలేనివాళ్ల కోసం" అన్నారు చివరికి. నా బతుకు దారి మళ్లింది ఆ మాటతోనే.

అప్పటినుంచీ సభకు గంట ముందే వెళుతున్నాం. టీచరుగారు హాలంతా ఒకసారి తిరిగి వెలుతురు చూసుకుంటారు. వేదిక వెనక కిటికీ తెరిచి ఉంటే మాట్లాడేవాళ్ల ముఖాలు నల్లబడతాయి కాబట్టి దాన్ని మూయిస్తారు. ఆరుబయట షామియానా వేస్తే ఎర్రగుడ్డ రంగంతా మనుషుల మీదికి దిగుతుంది. అందుకని ఆ నీడలోనే ఒక తెల్లకాగితం పెట్టి, తెలుపంటే ఇదీ అని ముందుగా నాకు చూపిస్తారు.

మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కనుక ట్యూబులైట్ల వెలుగు సెకనుకు వందసార్లు హెచ్చి తగ్గుతుంది. మనిషి కంటికి తెలియకపోయినా నాకు తెలుస్తుంది. మరీ వేగంగా తీస్తే ఒక ఫొటో తెల్లగా, దాని పక్కది మసగ్గా వస్తాయి. సెకనులో వందో వంతు దగ్గర నిలిపితే ఆ తేడా సర్దుకుంటుందని టీచరుగారు లెక్కగట్టి పెట్టారు. ఆ వేగానికి ఊగే చెయ్యి చెదిరిపోతుంది. అందుకే ఉపన్యాసకుడి చెయ్యి పైకి లేచి ఒక్క క్షణం ఆగేదాకా ఓపిక పడతాం.

మా సభ్యుల్లో కళ్లజోడు లేనివారు అరుదు. నా నెత్తిమీది ఫ్లాష్ నేరుగా కొడితే అద్దాలు మెరిసి కళ్లు మాయమవుతాయి. విడిగా ఒక ఫ్లాష్ కొని, దాని ముఖం తెల్లటి స్లాబు వైపు తిప్పాక వెలుగు మెత్తగా కిందికి జారింది, కళ్లు కనిపించాయి. ఎప్పుడూ వాడే లెన్సు 50 మిల్లీమీటర్లది. నాకు తగిలిస్తే అది 75లా పనిచేస్తుంది. అందువల్ల ఎవరి ముఖం మీదికీ వెళ్లి నిలబడకుండానే ఒక నవ్వును దగ్గరగా పట్టుకోగలను.

ఒక సంచికలో ఇద్దరి పేర్లు తారుమారయ్యాయి. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి తన ముఖం కింద వేరొకరి పేరు చదువుకుని చిన్నబుచ్చుకున్నారు. ఆ తప్పు టీచరుగారిని చాలా రోజులు బాధపెట్టింది. ఇప్పుడు వరుసగా నిలబెట్టి ఫొటో తీసిన వెంటనే, ఎడమ నుంచి కుడికి వాళ్ల చేతనే చీటీ మీద పేర్లు రాయిస్తారు. ఆ చీటీని కూడా నాతోనే ఫొటో తీస్తారు. ముఖాలూ పేర్లూ కార్డులో పక్కపక్కనే ఉంటాయి.

అచ్చు సంగతులు కూడా నేర్చుకున్నాం. నా ఒక్కో ఫొటోలో కోటీ ఇరవై లక్షల పైచిలుకు చుక్కలుంటాయి. అంగుళానికి 300 చొప్పున వేసుకున్నా ఏ4 పేజీ నిండుతుంది. అదే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే చిక్కిపోతుంది. అందుకే అసలు ఫైళ్లను పెన్‌డ్రైవులో వేసుకుని టీచరుగారే ప్రెస్సుకు వెళతారు. రెండు పేజీలకు పరిచిన ఫొటోలో మధ్య మడతలో ఎవరి ముఖమూ నలగకుండా దగ్గరుండి చూసుకుంటారు.

నేను తీసినవాటిలో నాకిష్టమైన ఫొటో ఒకటి చెబుతాను. ఒక సర్వసభ్య సమావేశంలో తీర్మానం ఓటుకు వచ్చింది. టీచరుగారు నన్ను తీసుకుని వేదిక వెనక మూలకు వెళ్లారు. అధ్యక్షుల వీపులు ముందుంటే, వాటి మీదుగా హాలంతా నాకు ఎదురుగా ఉంది. "అంగీకరించేవారు చేతులెత్తండి" అన్నారు. ఒక్కసారిగా చేతులు లేచాయి. వాచీల చేతులు, గాజుల చేతులు, సగమే లేవగలిగిన చేతులు. చివరి వరుసలో ఒకావిడ లేపిన చేతిలో చేతికర్ర కూడా ఉంది. నేను కళ్లారా చూసి, క్లిక్కుమన్నాను.

ఆ ఫొటో రెండు పేజీల నిండా పడింది. మళ్లీ ఆ మంచం మీది పెద్దాయనే ఫోన్ చేశారు. ఈసారి ఆయన అడగలేదు, చెప్పుకుంటూ పోయారు. మూడో వరుసలో తనతో కలిసి పనిచేసిన లెక్కల మాస్టారున్నారట, బాగా చిక్కిపోయారట. కిటికీ పక్కన తమ ఊరి హిందీ పండితులున్నారట. కర్ర ఎత్తినావిడ తన క్లాసులో చదువుకున్న పిల్లేనట. మాట్లాడి మాట్లాడి, చివర్లో గొంతు తగ్గించి, "నా ఓటు కూడా వేసుకోమ్మా, ఇక్కడ నేనూ చెయ్యెత్తాను" అన్నారు.

టీచరుగారు మాట్లాడలేకపోయారు. బల్లమీద పక్కనే ఉన్న నన్ను దగ్గరికి తీసుకుని, మెత్తటి గుడ్డతో నా లెన్సును నెమ్మదిగా తుడిచారు.