ఫ్యాను వేయొద్దు: టీకా తాత్పర్యం

మూలం: ఫ్యాను వేయొద్దు. కాకమ్మ నడుస్తోంది.

అవతారిక: మే నెల, దుర్గిలో మిట్టమధ్యాహ్నం. రెంటచింతల ఎండ మాకు చుట్టమే, పిలవకపోయినా వస్తుంది. సెలవులకొచ్చిన మనవరాలూ దాని తమ్ముడూ ముందుగది తలుపులు బిగించుకుని, ఈ రెండు వాక్యాలూ పాత శుభలేఖ వెనక రాసి తలుపుకి అంటించారు. వాళ్ళమ్మకు అర్థం కాలేదు. అందుకని టీకాకు పూనుకున్నాను.

ప్రతిపదార్థం: ఫ్యాను = మూడు రెక్కలుండీ ఎగరలేనిది; వేయొద్దు = స్విచ్చి జోలికి రావద్దు (ఎవరన్నది మూలంలో లేదు; 'తాతయ్యా, నువ్వే' అని అధ్యాహారం); కాకమ్మ = శుభలేఖల అట్ట కత్తిరించి, నల్లరంగు పూసి, కీళ్ళు కట్టిన బొమ్మ; నడుస్తోంది = నడవడం లేదు.

ఈ చివరి పదం దగ్గర కాస్త ఆగాలి. తలుపుసందులోంచి నేను చూసినంతసేపూ కాకమ్మ కదల్లేదు. రెండు కుర్చీల మీదుగా చెక్క వేసి, దాని అంచున ఫోను బోర్లించారు. కింద మాచర్ల నాపరాళ్ళ గచ్చు. కిటికీ వెలుగు ఘడియకో తీరుగా మారుతుందని కిటికీలు మూసి ట్యూబులైటు వేశారు. కాలు జొన్నగింజంత జరపడం, చెయ్యి తీసెయ్యడం, ఫొటో కొట్టడం. మళ్ళీ జొన్నగింజంత. సెకనుకు 12 ఫొటోలట. కుండ దాకా కాకి నడక 6 సెకన్లు, వెరసి 72 ఫొటోలు. వరసగా తిప్పితే నడక కనిపిస్తుంది. విడివిడిగా వెతికితే ఒక్కదానిలోనూ దొరకదు. లేని నడకను 'నడుస్తోంది' అనవచ్చునా? బియ్యం కడుగుతూనే 'వంట అవుతోంది' అనే వాళ్ళమ్మకు మాత్రం ఆక్షేపించే హక్కు లేదు.

కీళ్ళ విషయం: దారం ముడి బిగిస్తే కాలు తిరగదు, వదులైతే నిలవదు. నిమ్మలకుంట తోలుబొమ్మలకూ కీళ్ళు దారంతోనే కడతారు. అక్కడ ఆటగాడు పుల్ల పట్టుకుని ఆడిస్తుంటాడు, చెయ్యి తడబడినా పాట కాస్తుంది. ఇక్కడ చెయ్యి ఫొటోలో పడితే ఆ ఫొటో వ్యర్థం.

శంక: బొమ్మకు బరువు కట్టి ఫ్యాను వేసుకోవచ్చు కదా? సమాధానం: ప్రమాణం ఉన్నమాట నిజమే. 1926లో 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు' పూర్తిచేసిన జర్మనీ కళాకారిణి లోటె రైనిగర్ అట్టకు పలుచటి సీసం రేకులు జోడించి, తీగతో కీళ్ళు కట్టింది. మూడేళ్ళు పట్టింది. మావాళ్ళు రూపాయి బిళ్ళ అంటించి చూశారు. ఒళ్ళు నిలిచింది, తోక లేచింది.

న్యాయం: పక్కవాటు బొమ్మ గనుక కాకికి ఒకటే కన్ను. వెనక్కి మళ్ళాలంటే బొమ్మను తిరగేస్తారు. అట్టకు చిల్లు పొడిచి పెట్టిన ఆ కన్నే అటూ ఇటూ పనిచేస్తుంది. కాకాక్షి న్యాయాన్ని ఇంత అక్షరాలా పాటించిన కాకిని నేను పుస్తకాల్లో కూడా ఎరగను.

ఉపలక్షణం: కాకుల బారినుంచి పెరుగు కాపాడమంటే పిల్లి వచ్చినా తోలమనే కదా. అలాగే 'ఫ్యాను' అన్నది సమస్త వాయువులకూ గుర్తు. కూలరు, తుమ్ము, విసురుగా తీసే తలుపు, అన్నీ నిషిద్ధాలే. పాపం, ఇక్కడ కాపాడవలసింది కాకిని.

పాఠాంతరం: కాగితం అడుగున బాల్‌పెన్నుతో 'ఒకటో నంబరు మీద వేసుకోవచ్చు' అని కనిపిస్తుంది. సిరా వేరు, దస్తూరీ వేరు, ప్రక్షిప్తమని తోసిపుచ్చుతున్నాను. ఆ దస్తూరీ నాదేనని ఇంట్లో ఒక వాదం ఉంది.

తాత్పర్యం: కాకికి దాహం వేసింది, మేం ఉక్కకు ఓర్చుకోవాలి. కుండలో వేయవలసిన గులకరాళ్ళు దుర్గి శిల్పుల దగ్గర ఏరుకొచ్చిన చెక్కుముక్కలు. భౌగోళిక గుర్తింపు వచ్చిన చెక్కడం మాది. ఆ చేతుల్లో ఏనుగు పాదమెత్తిందంటే ఇక దించదు. కాకమ్మ దించాలి, అదీ ఫొటోకింతగా.

నలభయ్యో ఫొటో దగ్గర కరెంటు పోయింది. ఫ్యానే తిరగనప్పుడు నిషేధమెందుకు, అప్రసక్తం. ట్యూబులైటూ పోయింది గనుక కాకమ్మ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. పిల్లలు చెమటలు కక్కుతున్నారని అమ్మమ్మ విసనకర్ర పట్టుకుని వెళ్ళింది. ఇద్దరూ కలిసి గడపలోనే ఆపారు.