249 గ్రాముల బాబాయ్

కూర్మన్నపాలెం జంక్షన్‌లో టీ తాగుతూ ఊరికే ఓసారి ఆకాశం వైపు చూడండి. మీ పక్కన ఒకాయన వచ్చి నిలబడతాడు. "అదంతా ఎల్లో జోనండి" అంటాడు. మీరు అడగలేదు. అయినా చెబుతాడు. ఆయనే మా డ్రోన్ బాబాయ్.

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసి రిటైరయ్యాడు. ఇండెంటు లేకుండా నట్టు కూడా గుమ్మం దాటనిచ్చేవాడు కాదని పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి మనిషికి ఇంట్లో పొద్దు గడవాలంటే ఏదో ఒక రూలుండాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సరిపోలేదు. అప్పుడు దొరికింది, 2021 ఆగస్టులో కేంద్రం తెచ్చిన డ్రోన్ రూల్స్. డ్రోన్ ఆ తర్వాత కొన్నాడు. రూల్స్ నచ్చి వస్తువు కొన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ రూల్స్‌లో 250 గ్రాముల దాకా నానో, అది దాటితే 2 కిలోల దాకా మైక్రో. డబ్బా మీద 249 అనుంది. డబ్బా మాట స్టోర్సువాడు నమ్ముతాడా? గాజువాకలో తెలిసిన బంగారం కొట్టుకి పట్టుకెళ్లి కాటా మీద పెట్టించాడు. సరిగ్గా 249. "తరుగు తియ్యమంటారా?" అన్నాడు కొట్టాయన. బాబాయ్ నవ్వలేదు. గ్రాముల దగ్గర ఆయన నవ్వడు.

అసలు గొడవ ఇంట్లో వచ్చింది. కొత్త వస్తువు కదా అని పిన్ని దానికి కనకమహాలక్ష్మి కుంకుమ పెట్టి, నిమ్మకాయా మిరపకాయలూ కట్టబోయింది.

"ఆపవే! నిమ్మకాయ కడితే మైక్రో అయిపోద్ది. అప్పుడు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కట్టాలి. టైప్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు."

"మనిషికే లేదు ఇన్సూరెన్సు, దీనికేటి?" అంది పిన్ని.

రాజీ కుదిరింది. కుంకుమ ఉంటుంది, నిమ్మకాయ గుమ్మానికి పోతుంది. రిజిస్ట్రేషన్‌కి రుసుము 100 రూపాయలే. గుర్తింపు నంబరు (యూఐఎన్) వచ్చాక స్టిక్కరు వేయిస్తే దాని బరువెంతని రెండ్రోజులు మథనపడ్డాడు. చివరికి మార్కర్ పెన్నుతో రాశాడు. సిరా బరువు సంగతి నేనెత్తలేదు, నాకూ పనులున్నాయి.

ఆయనకున్న పెద్ద లోటు పరీక్ష. నానోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రో అయినా, వ్యాపారానికి కాకపోతే అక్కర్లేదు. ఇంత చదివాక ఎవరూ పరీక్ష పెట్టకపోతే ఎలా? పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండి 65 దాటనివాళ్లు పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) అనుమతి ఉన్న శిక్షణ సంస్థలో నేర్చుకుని నెగ్గితే సర్టిఫికెట్ ఇస్తారు. పదేళ్లు చెల్లుతుంది. బాబాయ్‌కి 64. పదో తరగతి మార్కుల జాబితా నరసన్నపేటలో అన్నగారింట్లో ట్రంకు పెట్టెలో ఉంది, తాళం వదినగారి దగ్గరుంది. ఏడాదిగా రాయబారాలు నడుస్తున్నాయి.

డల్లాస్‌లో ఉన్న కొడుకు అక్కడి డ్రోన్ పరీక్షేదో రాసేశానని ఫోన్లో చెప్పాడు. అమెరికాలో సరదాకి ఎగరేసేవాళ్లకి ట్రస్ట్ అని ఆన్‌లైన్ పరీక్షుంది. ఉచితం. తప్పు రాస్తే ఎందుకు తప్పో చెప్పి మళ్లీ దిద్దుకోమంటుంది, అందరూ పాసవుతారు. "ఫెయిలవడానికి లేని పరీక్షేంట్రా, అది పరీక్షేనా?" అని బాబాయ్ మండిపడ్డాడు. పోనీ అక్కణ్నుంచి మంచి డ్రోన్ పంపిస్తానన్నాడు కొడుకు. "విదేశీ డ్రోన్ల దిగుమతి 2022 ఫిబ్రవరి 9నే ఆపేశారు. నన్ను కస్టమ్స్‌కి పట్టించాలనా?" అని ఫోన్ పెట్టేశాడు.

పెళ్లిళ్లలో ఆయన్ని భరించడం కష్టం. మొన్న అగనంపూడి వైపు ఒక కల్యాణ మండపంలో, సరిగ్గా జీలకర్రా బెల్లం వేళ, వీడియో కుర్రాడి డ్రోన్ పైకి లేచింది. బాబాయ్ తలంబ్రాల పళ్లెం పక్కనే నిలబడి దర్యాప్తు మొదలెట్టాడు. "డబ్బుకి ఎగరేస్తున్నావు కదా, పైలట్ సర్టిఫికెట్ ఏదీ? యూఐఎన్ ఏదీ? లక్ష రూపాయల దాకా జరిమానా తెలుసా?"

ఆ కుర్రాడు రిమోట్ మీంచి చూపు తిప్పకుండానే, "అంకుల్, భోజనాలు మొదలెట్టేసారు. పూర్ణాలు అయిపోతన్నాయంట" అన్నాడు.

దర్యాప్తు వాయిదా పడింది.

ఇంతకీ ఈయన డ్రోన్ ఎగిరిందా అని అడుగుతారు. ఎగరలేదు. ఎటు ఎగురుతుంది? ఒక పక్క గోడవతల ఉక్కు ఫ్యాక్టరీ, గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్ జవాన్లు. ఆ వెనక గంగవరం పోర్టు. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద దూరమనిపిస్తుంది గానీ గాల్లో కొలిస్తే ఎనిమిది కిలోమీటర్ల లోపే. ఆ దూరంలో నేల మట్టం నుంచే ఎల్లో జోను, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ (ఏటీసీ) అనుమతి లేనిదే లేపకూడదు. పైగా ఆ రన్‌వే నౌకాదళానిది, ఐఎన్‌ఎస్ డేగా. "డేగ ఉన్న ఊళ్లో పిచికని ఎగరేస్తానా?" అంటాడు బాబాయ్. ఎయిర్‌పోర్టు భోగాపురం వెళ్తే ఇక్కడ విమానాలైనా తగ్గుతాయి కదా అన్నాను. "విమానాలెళ్తాయి, నేవీ ఎక్కడికెళ్తుంది?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

చాదస్తమే, కానీ చుట్టూ ఇన్ని కాపలాలున్న ఊళ్లో అది తప్పు చాదస్తం కాదు. పెళ్లి వీడియో కుర్రాడి కంటే నేనైతే ఈయన పక్షమే. మీరు డ్రోన్ కొనాలనుకుంటే ముందు డిజిటల్ స్కై మ్యాపులో మీ ఇల్లు ఏ రంగులో ఉందో చూసుకోండి. బాబాయ్‌ని మాత్రం అడగకండి. చెప్పేదంతా నిజమే, కానీ ఆఖరి బస్సు తప్పిపోతుంది.