మూడు భాషల మొద్దు

రొద్దం రైతు ఇంట్లో తెలుగు, పావగడ సంతలో కన్నడం, హిందూపురం అంగట్లో ఉర్దూ మాట్లాడతాడు.
బడి గడప తొక్కకుండానే మూడు భాషలు!
అయినా ఊళ్లో ఆయనకు బిరుదు: ‘ఇంగ్లిష్ రాని మొద్దు’.

లేపాక్షి గుడి శాసనాల్లో ఎక్కువ భాగం కన్నడమే.
పాపం, చెక్కినోళ్లకు స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్ దొరకలేదు!

2019లో పెనుకొండ పక్క ఎర్రమంచి నుంచి కియా కార్లు రోడ్డెక్కాయి. చుట్టుపక్కల కొరియా అక్షరాల బోర్డులూ లేచాయి.
అదే ఏడాది నవంబరులో సర్కారు బడులను ఇంగ్లిష్ మీడియం చేయమంటూ 81వ నంబరు జీవో.
కొలువు ఒక దిక్కు, బడి ఇంకో దిక్కు!

తెలుగుకు 2008లోనే ప్రాచీన హోదా దక్కింది.
ఆ హోదా నిలబెట్టడానికే కాబోలు, కొన్ని కాన్వెంట్లలో తెలుగు మాట్లాడితే జరిమానా.

ఇక జరగాల్సింది ఒకటే.
కొరియా దొర ముచ్చటపడి తెలుగు నేర్చుకుంటాడు. కాన్వెంటు గేటు దగ్గర మన పిల్లోణ్ని ‘ఏమప్పా, బాగుండావా?’ అని పలకరిస్తాడు.
వాచ్‌మన్ రసీదు పుస్తకం తీస్తాడు:
‘పది రూపాయలు కట్టండి సార్!’