సర్వర్ల బారసాల

సాఫ్ట్‌వేర్ వాళ్లు పని గురించి మాట్లాడుకునేది బయటివాళ్ల చెవిన పడకూడదు. పడితే ఇంటికి పోలీసులు వస్తారు. 2020లో ఆఫీసులన్నీ ఇళ్లలోకి వచ్చిపడ్డాక మా అత్తయ్యగారికి అవి వినే యోగం పట్టింది.

డేటాబేసులకు కాపలా కాసే ఉద్యోగం నాది. అర్ధరాత్రి ఫోన్ మోగితే ఇంట్లో వినిపించేవి ఈ మాటలే. “స్లేవ్ ఆగిపోయిందా? సరే, మాస్టర్‌ని చంపేసి దాన్ని పైకి తీసుకురా.” “ఒరేయ్, పేరెంట్‌ని ముట్టుకోకు, పిల్లలు అనాథలైపోతాయి. ముందు పిల్లల్ని ఒక్కొక్కదాన్నే చంపుకుంటూ రా.” పొద్దున్నే కాఫీ ఇస్తూ ఆవిడ నా మొహం వంక చూడలేదు. వంటింట్లోకి వెళ్లి, “ఇంతకీ మీ ఆయన చేసేది ఏం ఉద్యోగమే?” అని కూతుర్ని నెమ్మదిగా అడిగారు.

ఆవిడ భయంలో తప్పేం లేదు. మా శాస్త్రమంతా ఇంతే. యూనిక్స్‌లో ఒక ప్రాసెస్ ఇంకోదాన్ని పుట్టిస్తే అది చైల్డ్, ఇది పేరెంట్. పేరెంట్ ముందు పోతే చైల్డ్ ఆర్ఫన్ అవుతుంది, ఒకటో నంబరు ప్రాసెస్ దాన్ని దత్తత తీసుకుంటుంది. చైల్డే ముందు పోతే, పేరెంట్ ఆ చావు కబురు అందుకునేదాకా అది జాంబీ. పోయిన తాతగారి పేరు రేషన్ కార్డులో మిగిలినట్టు, పట్టికలో ఒక గడి పట్టుకుని కూర్చుంటుంది. చంపుదామన్నా కుదరదు, ఇప్పటికే చచ్చింది కనక. వెనకాల డీమన్లు తిరుగుతుంటాయి. మాట వినని ప్రాసెస్‌కు కిల్ మైనస్ నైన్. ఇంత నరమేధం జరుగుతున్నా పెద్దగా ఎవరూ నొచ్చుకోలేదు. గొడవంతా రెండు జంటల దగ్గర వచ్చింది: మాస్టర్-స్లేవ్, అంటే చెప్పేదీ చెప్పినట్టు నడిచేదీ; బ్లాక్‌లిస్ట్-వైట్‌లిస్ట్, అంటే ఆపాల్సినవాటి జాబితా, రానివ్వాల్సినవాటి జాబితా.

ఈ గొడవ 2020లో పుట్టిందనుకుంటారు చాలామంది. 2003లోనే అమెరికాలో లాస్ ఏంజిలిస్ కౌంటీ, తనకు పరికరాలు అమ్మేవాళ్లకు ఒక లేఖ రాసింది. వాటి మీద మాస్టర్, స్లేవ్ అన్న లేబుళ్లు వద్దని కోరింది. అప్పుడు లోకం పగలబడి నవ్వింది. ఆ రోజుల్లో పీసీ డబ్బా విప్పినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒకే కేబుల్‌కు రెండు హార్డ్ డిస్కులు తగిలిస్తే, వెనకాల గోరంత జంపర్‌ను పట్టకారుతో పీకి, ఇంకో రెండు పిన్నుల మీద గుచ్చి, ఏది మాస్టరో ఏది స్లేవో తేల్చాలి. రెండిటినీ మాస్టర్లను చేస్తే ఒక్కటీ పలికేది కాదు. తమాషా ఏమిటంటే, ఆ డిస్కుల సాంకేతిక ప్రమాణాల పత్రాలు తర్వాత్తర్వాత వాటిని డివైస్ 0, డివైస్ 1 అని మర్యాదగానే పిలిచాయి. యజమాని-బానిస వరసను వదల్లేకపోయింది మనుషులే.

“ఇంజనీరింగ్ మాటకూ మనుషులకూ ఏం సంబంధమండీ?” అని వాదించేవాళ్లు ఉన్నారు. చరిత్ర వీళ్లను కాస్త ఇరకాటంలో పెడుతుంది. యంత్రాలకు ఈ వరస కలిపిన పాత దాఖలా 1904 నాటిది, దక్షిణాఫ్రికా కేప్‌టౌన్ వేధశాలలోని గడియారాల గురించి. ఒకటి చెప్పినట్టు రెండోది నడుచుకోవాలి. ఆ కేప్ ప్రాంతంలో బానిసత్వం రద్దయింది 1834లో. అంటే బానిసల్ని వదులుకున్న డెబ్బై ఏళ్లకు, అదే ఊళ్లో ఆ పేరు గడియారానికి తగులుకుందన్నమాట.

నవ్విన నాపచేనే పండింది. 2014లో డ్రూపల్, జాంగో అనే సాఫ్ట్‌వేర్లు మాస్టర్-స్లేవ్ మాటల్ని తీసేశాయి. 2018లో పైథాన్ వాళ్లు కొట్టుకుని, కొట్టుకుని కొన్ని మార్చారు. 2020 మే నెలలో మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు చంపాక గేట్లు ఎత్తేసినట్టయింది. లైనక్స్ కెర్నల్, మైఎస్‌క్యూఎల్, ట్విటర్ వరసగా మార్చాల్సిన మాటల జాబితాలు ప్రకటించాయి. ఆ అక్టోబరు 1 నుంచి, కోడు దాచుకునే గిట్‌హబ్‌లో కొత్త రిపాజిటరీకి మొదటి కొమ్మ (బ్రాంచి) పేరు ‘మాస్టర్’ పోయి ‘మెయిన్’ అయింది. హ్యూస్టన్ రియల్టర్లు మాస్టర్ బెడ్‌రూమ్‌ను ప్రైమరీ బెడ్‌రూమ్ చేశారు. హైదరాబాద్ నల్లగండ్లలో ఫ్లాట్లు అమ్మేవాళ్లకు ఆ కబురు ఇంకా అందలేదు.

మా క్లయింట్ అమెరికావాడు కనక కబురు మాకు వెంటనే అందింది. కమిటీ వేశారు. అణు రియాక్టర్‌ను చిటికెలో ఆమోదించే సంఘం సైకిల్ షెడ్డు దగ్గర చాలాసేపు కొట్టుకుంటుందని పార్కిన్సన్ అనే రచయిత 1957లోనే తన పుస్తకంలో రాసిపెట్టాడు. మా కమిటీ ఆ పుస్తకం చదవకుండానే అక్షరాలా పాటించింది. కోట్ల ఖరీదు చేసే క్లౌడ్ ఒప్పందం మీద ఎవరూ నోరు విప్పలేదు. స్లేవ్ స్థానంలో ‘ఫాలోయర్’ పెడదామా, ‘సెకండరీ’ పెడదామా అన్నప్పుడు మాత్రం మ్యూట్‌లో నిద్రపోతున్నవాళ్లు కూడా లేచారు. సెకండరీ అంటే దాన్ని కించపరిచినట్టు కాదా అని ఒకాయన. ఫాలోయర్ అంటే భజన బృందంలా ఉందని ఇంకొకాయన.

ఈలోగా మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు, ఉత్సాహం ఆపుకోలేక, కోడంతా ఒక్క దెబ్బతో ‘మాస్టర్’ తీసి ‘మెయిన్’ కొట్టేశాడు. టెస్టింగ్‌లో చెల్లింపుల పేజీ తెరిస్తే, “వీసా లేదా మెయిన్‌కార్డ్‌తో చెల్లించవచ్చు” అని కనిపించింది. “అన్నా, మరి ఇది కూడా మార్చాలి కదా?” అన్నాడు పాపం, ఎంతో నిజాయతీగా.

లోకంలో ఎన్ని సాఫ్ట్‌వేర్లున్నాయో అన్ని బారసాలలు జరిగాయి, ఎవరి పేరు వాళ్లదే. మైఎస్‌క్యూఎల్‌లో సోర్స్-రెప్లికా. మాంగోలో ప్రైమరీ-సెకండరీ. జెంకిన్స్‌లో కంట్రోలర్-ఏజెంట్. కుబర్నెటీస్‌లో కంట్రోల్ ప్లేన్. రెడిస్ వాళ్లు స్లేవ్‌ను రెప్లికా చేసి, మాస్టర్‌ను మాత్రం కదపలేదు. బానిసకు విముక్తి దొరికినా దొర కుర్చీలోనే ఉన్నాడు. పైగా పాత ప్రోగ్రాములు ఆగిపోతాయని, స్థితి ఏమిటని అడిగితే రెడిస్ నేటికీ ‘రోల్: స్లేవ్’ అనే జవాబిస్తుంది. ఆధార్‌లో పేరు మారినా బ్యాంకులో పాత పేరే నడిచే బాపతు.

పేరు మార్పు పైసా ఖర్చు లేని పని అనుకునేవాళ్లు మా డ్యూటీ ఒక్క రాత్రి చెయ్యాలి. రెప్లికా అసలు సర్వర్‌కు ఎన్ని సెకన్లు వెనకబడిందో చూపే వరస ఒకటుంటుంది. అది సున్నా అయితే నేను పడుకోవచ్చు. 2024లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.4లో ‘షో స్లేవ్ స్టేటస్’ ఆదేశాన్నే పూర్తిగా పీకేశారు. మేం దానికి మారాక, ఎప్పుడో మానేసి వెళ్లిపోయినాయన రాసిన మా నిఘా స్క్రిప్టు పాత ఆదేశమే అడిగింది. జవాబు రాలేదు. శూన్యం వస్తే సున్నా అనుకోమని ఆ మహానుభావుడు ముందే రాసిపెట్టాడు. తెర మీద అంతా పచ్చగా, ప్రశాంతంగా ఉంది. కింద రెప్లికా ఎప్పుడో ఆగిపోయి ఉంది.

ఇన్ని తిప్పలు పడ్డాక కూడా, మార్చడమే మంచిదంటాను. కారణం సెంటిమెంటు ఒక్కటే కాదు. ‘రెప్లికా’ అంటే నకలు అని కొత్తగా చేరినవాడికి విడమరచి చెప్పక్కర్లేదు. ‘బ్లాక్‌లిస్ట్’ కంటే ‘ఇందులో ఉన్నవి ఆపు’ అని సూటిగా చెప్పే పేరు నయం. పైగా, రోజంతా ‘స్లేవ్’ అని టైప్ చేసే ఒక నల్లజాతి ఇంజనీరు “నాకు బాగోలేదు” అంటే, “నీకు ఎందుకు బాగోలేదో నేను చెబుతాను కూర్చో” అనడం కంటే ఒక స్క్రిప్టు దిద్దుకోవడం తేలిక.

నా పేచీ వేరే. ట్విటర్ జాబితాలో ‘మ్యాన్ అవర్స్’ పోయి ‘పర్సన్ అవర్స్’ వచ్చింది. మా కమిటీ కూడా తెచ్చింది. ఆ మార్పు ప్రకటించిన ఎక్సెల్ షీటులోనే, పక్క గడిలో, “రిసోర్సులు కావలెను” అని ఉంది. రిసోర్సు అంటే ఎవరో కాదు, మేమే. కంపెనీకి కంప్యూటరూ రిసోర్సే, కుర్చీ రిసోర్సే, నేనూ రిసోర్సునే. ప్రాజెక్టు లేకపోతే మమ్మల్ని బెంచి మీద వేస్తారు. క్లయింటుకు నచ్చకపోతే ‘రీప్లేస్’ చేస్తారు. ఊళ్లో అమ్మ పోయిందని సెలవు పెడితే ‘రిసోర్స్ అన్‌అవైలబుల్’. సర్వర్ల మనసు నొప్పించకుండా ఇంత జాగ్రత్త తీసుకున్న జాబితాలో ఈ మాట ఒక్క చోటా లేదు.

మెయిన్‌కార్డ్ కుర్రాడే ధైర్యం చేసి మీటింగులో అడిగాడు. “సార్, రిసోర్స్ అనే మాట కూడా మార్చుదామా?”

మేనేజర్‌గారు తల ఊపారు. “చాలా మంచి పాయింట్. కానీ ఇది స్కోపులో లేదు. టికెట్ పెట్టండి, చూద్దాం.”

పెట్టాం. ఇప్పటికీ తెరిచే ఉంది. ప్రాధాన్యం: తక్కువ. బాధ్యుడు: రిసోర్స్ దొరికాక కేటాయించబడును.