విశ్వాసి ఇంట్లో పుస్తకమూ, టీవీ: తొమ్మిది అమోఘమైన చిట్కాలు

మొఘల్‌పురా గల్లీలో కాపురముంటూ ఆదివారం ఆరాధనకు అబిడ్స్ దాకా వెళ్లే విశ్వాసి కుటుంబానికి దారి పొడుగునా శోధనలే. చార్మినార్, పత్తర్‌గట్టి, మదీనా దాటాలి. నయాపూల్ దగ్గరికొస్తే సాలార్‌జంగ్ మ్యూజియం పిలుస్తుంది. మూసీ దాటితే అఫ్జల్‌గంజ్‌లో, 1891లో అసఫియా లైబ్రరీగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. అవన్నీ తప్పించుకుని అబిడ్స్ చేరితే, మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు. ఇన్ని గండాల మధ్య పిల్లల ఆత్మల్ని కాపాడుకోవడం ఎలాగని తల్లిదండ్రులు బెంగపెట్టుకుంటున్నారు. వారి కోసమే ఈ చిట్కాలు. పాటించడం బహు తేలిక. ఆలోచించే పని బొత్తిగా ఉండదు.

1. అట్ట చూసి కొనండి

పావురం, సిలువ, సూర్యోదయం. ఈ మూడింట్లో ఏ రెండు అట్ట మీద ఉన్నా కళ్లు మూసుకుని కొనేయండి. లోపల ‘కానుక ఇంత వేస్తే వందింతలు తిరిగొస్తుంది’ అని చిట్టీల కంపెనీ భాషలో రాసి ఉన్నా కంగారుపడకండి, పావురం ఉంది కదా! పక్క కుప్పలో టాల్‌స్టాయ్ కథలు కనిపించవచ్చు. చెప్పులు కుట్టుకునే పేదవాడు చలిలో పడి ఉన్న మనిషిని ఇంటికి తెచ్చుకుంటే, ఆ వచ్చినవాడు దేవదూత అని తేలే కథ అందులో ఉంటుంది. కానీ అట్ట మీద ఎవరో గడ్డం ముసలాయన బొమ్మ. వదిలేయండి.

2. దేవుడి పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి

పేజీకి కనీసం రెండుసార్లు రాకపోతే అది లోకసంబంధమైన పుస్తకం. ఈ పరీక్షలో ఒక్క చిక్కుంది. మన తెలుగు బైబిల్లోని ఎస్తేరు గ్రంథం పది అధ్యాయాలూ వెతికినా దేవుడనే మాట కనపడదు. రాజుగారి విందులు, అంతఃపురం, కుట్రలు, ఉరికొయ్య, అన్నీ ఉంటాయి. ఈ సంగతి సండేస్కూలు పిల్లల చెవిన పడకుండా చూసుకోండి.

3. నటీనటుల పూర్వాపరాలు విచారించండి

సినిమా ఎలా ఉందన్నది ముఖ్యం కాదు, నటించినవాళ్లు ఇంకేం చేశారన్నది ముఖ్యం. ‘కరుణామయుడు’నే తీసుకోండి. 1978లో వచ్చింది. ఊళ్లలో తెరలు కట్టి మరీ ఆడించారు. సిలువ మోసే ఘట్టంలో చాపల మీద కూర్చున్న జనం వెక్కివెక్కి ఏడ్చారు. అయితే అందులో క్రీస్తుగా నటించిన విజయచందరే 1986లో షిర్డీ సాయిబాబాగానూ నటించారు. ఇప్పుడా కన్నీళ్లను ఏ ఖాతాలో వేయాలి? నా సలహా: డిసెంబరులో చూడండి, గురువారం మాత్రం వద్దు. ఇక బాలసుబ్రహ్మణ్యం పాడిన క్రీస్తు పాటలు వింటూ కళ్లు చెమర్చితే, ఆయన మిగతా పాటలు గుర్తు తెచ్చుకుని వెంటనే తుడుచుకోండి.

4. కీర్తనల పుస్తకంలో రాగాల పేర్లు కొట్టేయండి

‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. వాటిలో శంకరాభరణం కూడా ఉంది. శంకరుడి ఆభరణానికి మన గుడిలో ఏం పని? నల్ల స్కెచ్ పెన్నుతో కొట్టేయండి. ఆ పుస్తకంలో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌధరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, ఆ సంగీతాన్నీ ఆ పద్యవిద్యనూ వెంటబెట్టుకునే క్రీస్తు దగ్గరికి వచ్చారు. వాటిని గుమ్మం బయట వదిలి రమ్మనడానికి అప్పట్లో మనలాంటి సలహాదారులు దొరకలేదు కాబోలు.

5. మ్యూజియంలో ఒక కన్ను మూసుకోండి

సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెకాను చూడవచ్చు. ఆదికాండంలో ఇస్సాకును చూడగానే ముసుగు వేసుకున్న రిబ్కాయే ఆవిడ. ఇటలీ శిల్పి బెంజోని ముఖమూ, ముఖం మీది పలుచని మేలిముసుగూ ఒకే పాలరాతిలో చెక్కాడు. బైబిలు స్త్రీ గనక అనుమతి ఉంది. ఆ బొమ్మను కొని తెచ్చింది నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ అన్నది పట్టించుకోకండి.

అదే మ్యూజియంలో మెఫిస్టోఫిలిస్ కొయ్యబొమ్మ ఉంది. సాక్షాత్తూ సైతాను దూత, ఛాతీ విరుచుకుని నిలబడి ఉంటాడు. వెనక అద్దంలో చూస్తే అదే కొయ్యకు రెండో వైపు తల వంచుకున్న అమాయకురాలు మార్గరెట్టా. కుడి కన్నుతో మార్గరెట్టాను చూస్తూ ఎడమ కన్నుతో సైతానును చూడకుండా ఉండటం సాధన చేయండి. కుదరకపోతే పిల్లల్ని గడియారం దగ్గరికి తీసుకుపోండి. మంచీ చెడూ ఒకే దుంగలో ఎందుకున్నాయని అడిగితే, ‘నోర్మూసుకుని నడువు’ అన్నది శాస్త్రోక్తమైన జవాబు.

6. చూడకముందే నిషేధించండి

చూసి విమర్శించాలంటే మూడు గంటలు పోతాయి. వాట్సాప్ గ్రూపులో వచ్చింది ముందుకు తోయడానికి మూడు సెకన్లు చాలు. 2006లో ‘ద డా విన్సీ కోడ్’ సినిమాకు సెన్సారు బోర్డు అనుమతి ఇచ్చినా, క్రైస్తవ, ముస్లిం సంఘాల అభ్యంతరాల మీద అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధం పెట్టింది. హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఇలాంటి ఎదురుదెబ్బలకు నిరుత్సాహపడొద్దు. రోములో నిషిద్ధ గ్రంథాల జాబితా 1559 నుంచి నాలుగు వందల ఏళ్లు నడిచింది. చివరికి 1966లో రోమే విసిగి ఆపేసింది. మీ సంఘం గ్రూపు అడ్మిన్ బ్రదర్ మాత్రం ఆపకూడదు.

7. ఇరుగుపొరుగుతో మతం మాట రానీయకండి

మొఘల్‌పురాలో ఇది కష్టమే. పొద్దున్నే అజా వినిపిస్తుంది, ఆషాఢం వస్తే లాల్‌దర్వాజా బోనాల డప్పు. ఉర్దూ ఘర్ కూడా ఇక్కడే. పక్కింటి ఖాలాజాన్ మీ వాడికి సేమ్యా పెడుతూ, ‘మీ ఈసా, మరియమ్మల సంగతి మా ఖురాన్‌లోనూ ఉంది బేటా, మరియమ్మ పేరున ఒక సూరానే ఉంది’ అంటుంది. ఇదే అసలు ప్రమాదం. వాడు ఇంటికొచ్చి, ‘మన పుస్తకంలో ఏముంది డాడీ?’ అని అడుగుతాడు. అప్పుడు మీరు లూకా సువార్త తీసి, దుమ్ము దులిపి, చదవాల్సి వస్తుంది. అంత శ్రమ దేనికి? సేమ్యా గిన్నె తీసుకుని తలుపేసుకోండి. సుల్తాన్‌షాహీలో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు క్రైస్తవ సంస్థగా ఉండి కూడా హిందూ, ముస్లిం కుటుంబాలను ఒకచోట చేర్చి పనిచేశారు. మీరు మాత్రం ఆ దారి పట్టకండి.

8. జాషువా పేరెత్తకండి

మన పద్ధతికి తెలుగునాట జరిగిన గొప్ప ప్రయోగం గుర్రం జాషువా. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర కాళిదాసు మేఘదూతం చదువుకున్నాడు. పురాణ కథలతో పద్యాలు రాశాడు. అగ్రవర్ణాల వాళ్లు కులం చూసి దూరం పెడితే, క్రైస్తవుడై ఉండి హిందూ కథలు రాయడమేమిటని మనవాళ్లు వెలి వేశారు. బడిపంతులు ఉద్యోగం పోయింది. రాజమండ్రి వెళ్లి 1915–16లో మూకీ సినిమాలకు వాచకుడయ్యాడు. తెర మీద బొమ్మ ఆడుతుంటే పక్కన నిలబడి కథా, సంభాషణలూ చదవడం ఆ పని. అంటే ‘వద్దు’ అన్న పుస్తకం నుంచి మనిషిని తరిమి, ‘అసలే వద్దు’ అన్న సినిమా దగ్గరికి మనమే పంపామన్నమాట.

ఆ తర్వాత జరిగింది మన వాదానికి బొత్తిగా కలిసిరాదు. మేఘదూతం చదివినవాడు మేఘానికి బదులు గబ్బిలం చేతికి కబురిచ్చి, అంటరానివాడి గోడు కాశీ విశ్వనాథుడికి చేరవేయమన్నాడు. పర్షియా కవి మీద ‘ఫిరదౌసి’ రాశాడు. ఇన్ని గడపలు తొక్కాక ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది ఆ పుస్తకానికే. వెలి వేసినవాళ్లలో ఎవరూ అలాంటిది రాయలేదు. అందుకే చెబుతున్నా, మీ పిల్లల తెలుగు వాచకంలో జాషువా పాఠం ఉంటే ఆ పేజీలకు పిన్ను కొట్టేయండి.

9. అన్నిటికన్నా ముఖ్యం: బైబిలు మొత్తం చదవకండి

గోడ క్యాలెండరు మీద రోజుకొక వచనం చాలు. మొత్తం చదివితే చిక్కులొస్తాయి. దానియేలు బబులోనులో రాజు పెట్టిన భోజనం వద్దన్నాడు గానీ, కల్దీయుల విద్యను వద్దనలేదు. శ్రద్ధగా నేర్చుకుని అందరికన్నా ముందున్నాడు. పౌలు ఏథెన్సు నడిబొడ్డున నిలబడి గ్రీకు కవుల మాటలే ఉదాహరించి సువార్త చెప్పాడు. ఆ కవుల్ని ఆయన ఎప్పుడో చదివి ఉండాలి కదా! న్యాయాధిపతుల గ్రంథం పంతొమ్మిదో అధ్యాయంలోని ఘోరం సినిమాగా తీస్తే పిల్లల్ని హాల్లోకి రానివ్వరు. పరమగీతం సంగతి పెళ్లికాని యౌవనస్థుల ముందు ఎత్తనే వద్దు. పైగా అదే పౌలు థెస్సలొనీక సంఘానికి రాస్తూ, అన్నిటినీ పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమన్నాడు. అట్ట చూడమనలేదు, పేర్లు లెక్కపెట్టమనలేదు, ఎవరో పంపింది ముందుకు తోయమనలేదు. పరీక్షించాలంటే చదవాలి, చూడాలి, పిల్లల పక్కన కూర్చోవాలి, వాళ్లతో వాదించాలి, ఒక్కోసారి ఓడిపోవాలి కూడా.

ఆ పని మీవల్ల కాదనుకుంటే పై ఎనిమిది చిట్కాలూ ఉన్నాయి. అవుననుకుంటే ఈ కాగితం చింపేసి, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లల్ని అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక గంట వదిలేయండి. వాళ్లు ఏరుకొచ్చిన పుస్తకాన్ని ముందు మీరు చదవండి.