మాకు ఏడు బిందెలు చాలప్పా

మా వీధికీ ఎదురు వీధికీ నడుమ ఒక మురిక్కాలువ ఉంది. మా గుత్తి కోట కట్టిన రాజులు కూడా ఇంత గట్టి సరిహద్దు గీయలేదు. నీళ్ల ట్యాంకరు వచ్చి సరిగ్గా ఆ కాలువ మూలనే ఆగుతుంది. అక్కడి నుంచి ఇటువాళ్లు 'మనోళ్లు', అటువాళ్లు 'వాళ్లు'. అటువాళ్లకు పేర్లుండవు.

ఈ జబ్బు మన ఒక్కరిదేనేమో అని సిగ్గుపడుతుండగా తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సంగతి చదివి ఊపిరి పీల్చుకున్నాను. 1970 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఆయన బడిపిల్లలకు క్లే, కాండిన్‌స్కీ అనే చిత్రకారుల బొమ్మలు చూపించి, 'నీకు క్లే బొమ్మ నచ్చింది, నీది ఆ గుంపు. నీకు కాండిన్‌స్కీ నచ్చింది, నీది ఈ గుంపు' అన్నాడు. నిజానికి బొమ్మల ఊసు ఉత్తదే, చీట్లేసి పంచినట్టే పంచాడు. ఆ పిల్లల మధ్య గట్టు తగాదా లేదు, సర్పంచి ఎన్నికలు లేవు, తాతల నాటి పగ లేదు. తమ గుంపులో ఎవరున్నారో కూడా తెలియదు. అయినా డబ్బులు పంచమంటే 'మనోళ్ల' వైపే చెయ్యి తిరిగింది. అసలు తమాషా పట్టికలో ఉంది. ఒక కొసన మన గుంపు వాడికి 19, అవతలి వాడికి 25. ఇంకో కొసన మనవాడికి 7, అవతలివాడికి 1. మనవాడు నష్టపోయినా సరే, తేడా పెరిగే వైపుకే పిల్లల మొగ్గు.

నమ్మబుద్ధి కాక పక్కింటాయన మీద ప్రయోగించాను.

"అన్నా, ట్యాంకరాయన మనకు 19 బిందెలిచ్చి ఎదురు వీధికి 25 ఇస్తాడంట. లేదంటే మనకు 7, వాళ్లకు 1. ఏది తీసుకుందాం?"

"ఏడే తీసుకుందాం."

"పన్నెండు బిందెలు పోతాయి కదన్నా?"

"పోనీలేప్పా." కాసేపు ఆలోచించి అన్నాడు, "ఇంతకీ ఆ ఒక్కటి మాత్రం వాళ్లకెందుకంట?"

తాజ్‌ఫెల్ పట్టికలో ఈ గడి లేదు. పాపం, గుత్తికి రాలేదు.

ఇంకో సంగతి. మనవాళ్లలో ఒక్కొక్కడిదీ ఒక్కో తీరు, అవతలివాళ్లంతా ఒకే అచ్చు. మా మేనల్లుడు హైదరాబాదులో గది కోసం తిరిగితే ఇంటాయన "ఏ ఊరు బాబూ?" అని అడిగాడంట. "అనంతపురం దగ్గర గుత్తి సార్" అనగానే ఆయన చూపు వాడి సంచీ మీద పడింది. సంచీలో అమ్మ కట్టిచ్చిన ఓళిగలున్నాయి. ఆయనకు మాత్రం అందులో ఇంకేదో గుండ్రంగా కనబడినట్టుంది. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర' సినిమాలు చూసినవాళ్లకు రాయలసీమ అంటే సుమోలు, వేటకొడవళ్లే కదా. వాడు ఆ రోజంతా మండిపడ్డాడు. రాత్రి ఫోన్లో, "ఈ కోస్తావాళ్లంతా ఇంతే మామా" అన్నాడు. ఇంటాయనది కరీంనగర్.

అలాగని ప్రతి అనుమానాన్నీ మనసు జబ్బు కింద కొట్టిపారేయలేం. 1937లో మద్రాసులోని శ్రీబాగ్ అనే ఇంట్లో కోస్తా, సీమ పెద్దలు కూర్చుని ఒడంబడిక రాసుకున్నారు. కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్లలో సీమకు ముందు వాటా అన్నారు. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో సీమే తేల్చుకోమన్నారు. 1953లో కర్నూలుకు రాజధాని వచ్చింది, 1956లో హైదరాబాదుకు పోయింది. ఇలాంటి లెక్కలు గుర్తున్నవాడిని పట్టుకుని 'నీది పక్షపాతం నాయనా' అంటే వాడికి ఒళ్లు మండదా? అన్యాయం జరిగినవాడికి మనస్తత్వ శాస్త్రం చెప్పడం, దాహమన్నవాడికి నీటి రసాయన సూత్రం చెప్పినట్టు ఉంటుంది.

మనం దూరపువాళ్లను దగ్గరికి తీయలేమనీ కాదు. గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో అప్పట్లో దత్తమండలాలని పిలిచిన ఈ ప్రాంతానికి కలెక్టరుగా వచ్చాడు. 1827లో గవర్నరు హోదాలో తిరుగుతూ పత్తికొండ దగ్గర కలరాతో పోతే గుత్తిలోనే పాతిపెట్టారు. నాలుగేళ్లకు తవ్వి మద్రాసుకు తీసుకుపోయారు. అయితేనేం, సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. సముద్రాలు దాటి వచ్చిన దొర మనకు అప్ప అయ్యాడు, మురిక్కాలువ దాటినవాడు కాలేదు.

దొరలకూ 'మనోడు', 'వాళ్లోడు' అన్న తేడాలు ఉండేవి. 1893లో గుంతకల్లులో ఇద్దరు ఆడవాళ్ల వెంట తెల్ల సోల్జర్లు పడితే రైల్వే గేటు కాపలాదారు హంపన్న అడ్డం నిలిచి తుపాకి గుండుకు బలయ్యాడు. మా గుత్తి వకీలు కేశవపిళ్లై ఆ కేసు కోసం నానా తిప్పలు పడ్డాడు. మద్రాసులో విచారణ ముగిసి సోల్జరు నిర్దోషిగా బయటికొచ్చాడు. ఆ ఆడవాళ్లది ఏ వీధి అని హంపన్న మాత్రం అడగలేదు.

1954లో అమెరికాలోని ఓక్లహోమాలో షెరీఫ్ అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త 22 మంది పిల్లల్ని రెండు జట్లు చేసి క్యాంపు పెట్టాడు. కొద్ది రోజుల్లోనే జెండాలు తగలబెట్టుకున్నారు. అప్పుడాయన క్యాంపుకు నీళ్లు రాకుండా చేయించాడు. రెండు జట్లూ కలిసి ట్యాంకు దాకా పోయి బాగుచేశాయంట. నీళ్లు ఆపితే కలుస్తారా? ఆ లెక్కన మా అనంతపురం జిల్లా ఈపాటికి ఒకే కుటుంబం అయిపోయి ఉండాలి.

పోయిన వారం ట్యాంకరు నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు చూద్దును కదా, రెండు వీధులవాళ్లూ కాలువ బండపరుపు మీదే కూర్చుని మాట్లాడుకుంటున్నారు. మా పక్కింటాయన ఎదురు వీధి పెద్దాయనకు బీడీ ముట్టిస్తున్నాడు. షెరీఫ్‌కు మనసులో దండం పెట్టుకుని దగ్గరికి పోయాను.

"ట్యాంకరు రైల్వే స్టేషను కాడికి పోయిందంట" అంటున్నాడు పెద్దాయన. "ఆ ఆర్‌.ఎస్. వాళ్లంతా అంతేనప్పా."

"ముమ్మాటికీ నిజం పెద్దాయనా" అన్నాడు మావాడు.

అంతలో మలుపులో హారన్ మోగింది. బీడీలు కాలువలో పడ్డాయి. చూస్తుండగానే ఎవరి ఒడ్డుకు వాళ్లు చేరారు. పక్కింటాయన నా చెవి దగ్గరికి వంగి, "సామీ, నువ్వు చదువుకున్నోడివి. వాళ్లు ఎన్ని బిందెలు పెట్టినారో లెక్కపెట్టు" అన్నాడు.

పదకొండు. లెక్కపెట్టాను మరి.