పేలినా చెక్కుచెదరని గొట్టం

మా రోజుల్లో జంగారెడ్డిగూడెం మెట్టలో బావి తవ్వుతూ రాయి తగిలిందంటే ఆ సంగతి ఊరంతా తెలిసేది. ఒకడు ఉలి తిప్పుతూ కూర్చుంటే ఇద్దరు సమ్మెట కొట్టేవాళ్ళు. మూరెడు బెజ్జం దిగేసరికి పూట గడిచిపోయేది. అందులో మందు కూరి, మట్టి దట్టించి, తారు పూసిన జనపనార ఒత్తికి మేస్త్రి బీడీతో నిప్పంటించేవాడు. ఆ ఒత్తి అడుగు కాలడానికి అర నిమిషం. బావి గట్టెక్కి చింతచెట్టు చాటుకి చేరడానికి తనకెంతసేపు పడుతుందో లెక్కేసుకుని, దానికి సరిపడా కోసుకునేవాడు. 1831లో ఇంగ్లండులో బిక్‌ఫర్డ్ అనే ఆయన గనుల కోసం కనిపెట్టిన ఒత్తి అది. కాలగా మిగిలిన పేలికలు రెండు వానలకి మట్టిలో కలిసిపోయేవి.

ఇప్పుడో? క్వారీల్లో ఒత్తీ లేదు, పొగా లేదు. 3 మిల్లీమీటర్ల లావున రంగురంగుల ప్లాస్టిక్ గొట్టం. నోనెల్ అంటారు, స్వీడన్ వాళ్ళ సృష్టి. లోపలి గోడకి పేలుడు మందూ అల్యూమినియం పొడీ పూస్తారు, మీటరుకి 20 మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఒక కొసన రవ్వ కొడితే షాక్ తరంగం సెకనుకి 2 వేల మీటర్లు పరిగెడుతుంది. ఊళ్ళో అంటిస్తే మనం చెప్పులు తొడుక్కునేలోపు గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడి దాటిపోతుంది. దారితప్పిన కరెంటుకి పేలదు, కుర్రాళ్ళ ప్రాణాలకి మంచిదే, కాదనను. మా ఒత్తి ఎందరి వేళ్ళు తిందో నాకు తెలుసు.

నా గోల వేరు. లోపల అంత తరంగం పరిగెత్తినా ఆ గొట్టం ఊడదు, చీలదు, కాలదు. రాళ్ళతో పాటు లారీ ఎక్కి రోడ్ల కిందకీ, పునాదుల్లోకీ, పామాయిల్ తోటల గట్ల మీదకీ చేరుతోంది. మొన్న మా ఆవు నములుతుంటే బారెడు గొట్టం నోట్లోంచి లాగాను. పసుపురంగు అలాగే ఉంది!

ఎందుకంత మొండితనమంటే, ప్లాస్టిక్ నిండా పొడవాటి అణువుల గొలుసులే. గడ్డిమేటు తొక్కితే ముందు పోచల మధ్య సందులు అణిగినట్టు, దెబ్బ పడగానే ఆ గొలుసుల మధ్య ఖాళీలు మూసుకుంటాయి. ఆ పైన బిగుసుకుపోతుంది. గొలుసులే తెగాలంటే చాలా ప్లాస్టిక్కులకి మనం పీల్చే గాలి పీడనానికి 2 లక్షల రెట్లు కావాలి. నోనెల్లో ఉన్న చిటికెడు మందు ఏ మూలకి? అమెరికాలో లాస్ అలమోస్ ప్రయోగశాల వాళ్ళు పెద్ద పేలుళ్ళతో రకరకాల ప్లాస్టిక్కుల్ని కొట్టి చూశారు. ఆ 2 లక్షల రెట్ల గీత దాటగానే పదార్థం ఒక్కసారిగా కుంచించుకుపోయి బొగ్గూ, మీథేన్ లాంటి వాయువులూ అవుతుంది. ఆక్సిజన్ ఉన్న ప్లాస్టిక్కయితే నీళ్ళు కూడా పుడతాయి. అంతా రెప్పపాటులో వెయ్యో వంతు కూడా పట్టదు. లేజర్ దెబ్బతో షాక్ తరంగాలు పుట్టించి చూసే పని మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ, డీఆర్‌డీఓ సాయంతో నడుస్తోంది.

2022లో అయితే మరీ చోద్యం. నీళ్ళ సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్కుని కాలిఫోర్నియాలో లేజర్‌తో గాలి పీడనానికి 10 లక్షల రెట్ల దాకా నొక్కితే అందులో వజ్రాలు పుట్టాయట! కంటికి ఆనవు లెండి, నానోమీటర్ల లెక్క. మా పెద్దలు వజ్రమంటే కొల్లూరు అనేవారు. ఆ కొల్లూరేమో పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది, ఈ వజ్రాలేమో సీసాల్లోంచి.

అంత దెబ్బ మన క్వారీల్లో ఎవరూ కొట్టలేరు. కాబట్టి ఆ గొట్టం దానంతటది పోతుందని చూడకండి. క్వారీ బాబులూ, పేలాక రాయి లారీకెత్తే ముందు ఒక మనిషిని పెట్టి వాటిని ఏరించండి. మందుకి పెట్టే ఖర్చులో ఆ కూలి ఏపాటి?